నవాసారం అతుకులు

నిన్న మా మనవరాలు తిరుపతి కాలేజీ నుంచి వచ్చి, అరచేతంత ఆకుపచ్చ సర్క్యూట్ పలక ఒకటి నా మంచం మీద పడేసింది. దాని నిండా సన్నని రాగిగీతలు, గీతల చివర సీసపు అతుకులు. "మొన్న బాగానే పనిచేసింది అవ్వా. ఇప్పుడు సచ్చినట్టు పడి ఉండాది" అంది. కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. అతుకుల చుట్టూ తెల్లగా పొడి పట్టి ఉంది. అతికేటప్పుడు ఏం పూశావే అని అడిగితే, కుళాయి పనివాళ్ళు వాడే పేస్టు చేతికి దొరికితే అదే పూశానంది. "రేపు మా సారుకు చెప్పేస్తాలే, తిడితే తిడతాడు" అని నవ్వుకుంటూ కాఫీ కలుపుకోవడానికి పోయింది. ఈ ముసలిదానికి ఇవన్నీ ఎలా తెలుసని ఆ పిల్ల అడగలేదు. బతికాననుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

మా అన్న యుద్ధంలో వైర్‌లెస్ పని నేర్చుకుని చిత్తూరుకు తిరిగొచ్చాడు. విద్య తెచ్చుకున్నాడు గాని సగం చూపు అక్కడే వదిలేసి వచ్చాడు. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలిసేది, సూదిబెజ్జం తెలిసేది కాదు. అందుకని రేడియోలో ఏ తీగ ఎక్కడ కలవాలో చూపే పటాన్ని బలపంతో నడవ గచ్చు మీద చాపంత పెద్దగా గీసేవాడు. మా అమ్మ వంటింట్లోకి పోవాలంటే ముగ్గును దాటుకున్నట్టు దాన్ని దాటుకుంటూ, గొణుక్కుంటూ పోయేది. గీత ఆయనది, చెయ్యి నాది. కుంపట్లో రాగిమొన కడ్డీ కాల్చి, సీసం కరిగించి, తీగలు అతికేది పంతొమ్మిదేళ్ళ నేను. పక్కన కూర్చుని ఆయన ఒకటే పోరు. "కాల్సాల్సింది తీగను, సీసాన్ని కాదు. గడ్డకట్టేదాకా కదిలించబాక పాపా." కదిలితే పైకి అతుకు బాగానే కనిపిస్తుందట, లోపల పట్టు ఉండదట. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది నవాసారం గురించి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే సాయిబు చల్లే తెల్లపొడి అది. అది పడితే సీసం చిటికెలో పట్టుకుంటుంది. "గిన్నెకు మంచిదే గాని, సన్నతీగను తినేస్తాది. మనకు రోజనే గతి" అనేవాడు. రోజన్ అంటే ఫిడేలు కమానుకు రుద్దుకునే పసుపురంగు బంకగడ్డ. అది మద్రాసు నుంచి రావాలి.

ఆ ఏడు ఊరి పార్కులో జనం వినడానికి రేడియో పెట్టాలని కమిటీ పెద్దలు అనుకున్నారు. అన్న చేసిన సెట్టు మూడు నెలలు చెడకుండా పలికితే, దాన్ని చూసుకునే ఉద్యోగం అన్నకే ఇస్తామన్నారు. సగం చూపు మనిషికి ఇంకెవరు పనిస్తారు? ఇంటిల్లిపాదీ ఆ సెట్టు మీదే ఆశ పెట్టుకున్నాం. తీరా పెట్టబోయే ముందు రోజున రోజన్ అయిపోయింది, మద్రాసు పార్సెలు రాలేదు. అన్న కమిటీ వాళ్ళ దగ్గరికి పోయిన పూట చూసుకుని సాయిబు దగ్గర గుప్పెడు నవాసారం తెచ్చాను. తడిగుడ్డతో తుడిచేస్తే పోతుందిలే అనుకున్నాను. ఘాటు తెలియకుండా కుంపట్లో సాంబ్రాణి కూడా వేశాను, అంత తెలివి. అన్న వచ్చి అతుకుల్ని వేలితో తడిమి, "ఈ పొద్దు నీ సెయ్యి బాగా కుదిరినాది పాపా" అన్నాడు.

రేడియో పలికింది. అన్నకు పూలమాల వేశారు. నేను కంచె బయట అమ్మ పక్కన నిలబడి విన్నాను. ఎవరో పెద్దాయన మా నాయనతో "నీ కొడుకు సేతిలో ఏదో మహిమ ఉండాదప్పా" అన్నాడు. నాయన సంతోషంగా తలూపాడు. ఆడపిల్ల సీసం కాస్తుందని తెలిస్తే నలుగురూ నవ్వుతారని ఇంట్లో వాళ్ళ భయం. అన్న కూడా నోరు విప్పలేదు. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎందుకు తినలేదని ఒక్కరూ అడగలేదు.

మూడు నెలలు నిండకముందే, కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. రేడియో రెండు రోజులు గరగరలాడి మూగబోయింది. కమిటీ వాళ్ళు వారం గడువిచ్చారు. ఇంటికి తెచ్చి వెనక అట్ట విప్పితే, ప్రతి అతుకు చుట్టూ ఆకుపచ్చటి చిలుము. తీగలు సగం తినేసి ఉన్నాయి. అన్న నా పక్కన కూర్చున్నాడు.

"బాగా సూడు పాపా. అతుకుల కాడ ఏమన్నా కనపడతా ఉండాదా?"

"ఏమీ లేదన్నా. అన్నీ శుభ్రంగా ఉండాయి" అన్నాను.

భయం ఒక్కటే అయితే సాయంత్రానికైనా చెప్పేసేదాన్ని. మాల వేసుకున్నప్పుడు గుర్తురాని చెల్లెలు ఇప్పుడు గుర్తొచ్చిందా అన్న కసి కూడా ఉంది. దాన్ని దాచి ఏం లాభం? అన్న నా మాట నమ్మాడు. అతుకుల్లో తప్పు లేదంటే పటంలో ఉండాలి కదా. వారమంతా గచ్చు మీద గీసి చెరిపాడు, చెరిపి గీశాడు. నేను చాటుగా తీగలు తుడిచి మళ్ళీ అతికి చూశాను. ఒకటి అతికితే ఇంకొకటి తెగింది. గడువు దాటాక కమిటీ వాళ్ళు మద్రాసు నుంచి వేరే సెట్టు తెప్పించుకున్నారు. "నా పటమే తప్పు" అని అన్న నలుగురిలో ఒప్పుకుని వచ్చాడు. ఆ తర్వాత బలపం ముట్టలేదు. బెల్లం మండీలో గోనెసంచులు కుట్టే పనికి కుదిరాడు. దానికి చూపు అక్కర్లేదు, తడుముకుంటే చాలు.

నేను పెళ్ళయి పాకాలకు వెళ్ళాను. ఎప్పుడు చూడబోయినా అరుగు మీద వేలితో ఏవో గీతలు గీస్తూ, "తప్పు యాడ ఉండాదో ఈనాటికీ దొరకలేదు పాపా" అనేవాడు. పాత సంగతి పోనీలే అన్నా అని మాట మార్చేదాన్ని. నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ రేడియో మూగబోయాక ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు బతికాడు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ నాకు చాల్లేదు.