ఎవరూ చూడని బేసిను

మదనపల్లెలో పట్టుదారం తీసే ఒక షెడ్డులో ఆరేళ్లు పనిచేశాను. రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఎనిమిది మంది ఆడవాళ్లం. ఒక్కొక్కరి ముందు ఒక్కో వేడినీళ్ల బేసిను, అందులో పట్టుగూళ్లు, పైన దారం చుట్టే మిషను. పోగు తెగితే వెంటనే అతకాలి. అందుకే ఎవరైనా బయటికి వెళ్లాలంటే పక్కనున్నామె ఆ బేసిను చూసుకునేది. ఇది ఓనరు పెట్టిన రూలు కాదు, మాలో మేం పెట్టుకున్నది.

కుప్పం నుంచి ఒక అమ్మాయి కొత్తగా వచ్చి నా పక్కన కూర్చుంది. చేతులా అవి! మేం సాయంత్రం దాకా తీసే దారం మధ్యాహ్నం దాటగానే తీసేసేది. "ఆయమ్మకు అయ్యేది మీకు యాల కాదు?" అని ఓనరు మమ్మల్ని అడిగాడు. ఆ రోజు అన్నాల దగ్గర మాలో పెద్దామె, "ఇంక ఆ పిల్ల బేసిను ఎవురూ సూడబాకండి" అంది. ఆ పిల్ల చేసిన తప్పేంటని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నలుగురితో నారాయణ.

లేచే వీల్లేక ఆ అమ్మాయి పనిలో నీళ్లు తాగడం మానేసింది. తెచ్చిన సీసా తెచ్చినట్టే తిరిగి తీసుకెళ్లేది. పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలియదా?

ఎండాకాలం ఒక మధ్యాహ్నం నా వైపు వంగి, "అక్కా, కండ్లు తిరగతాండాయి. రొంత సూసుకో, ఇప్పుడే వస్తా" అంది. నేను పెద్దామె వైపు చూశాను. ఆమె మా వైపే చూస్తోంది. తల దించుకుని నా గూళ్లు నేను కదుపుకున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి ముందుకు తూలింది. కుడిచెయ్యి కాగే నీళ్లలో పడింది.

అరుపుకు అందరం లేచి పరుగెత్తాం. అందరికన్నా ముందు ఏడ్చింది పెద్దామే. ఓనరు అడిగితే "మేం సూడలేదు" అన్నారంతా. నేనూ అన్నాను.

ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆ వేళ్లు ఇక సరిగా ముడుచుకోవని బయటే నర్సు చెప్పింది. లోపల ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది.

"మిషన్ల సద్దులో నా మాట నీకు ఇనపల్లేదు కదక్కా?"

"లేదమ్మా" అన్నాను.

"నాకు తెలుసులే. ఇనుంటే నువ్వు సూసుకోకుండా ఉంటావా?"

ఆ అమ్మాయి పని మానేసి ఊరికి వెళ్లిపోయింది. నిజం చెప్పేద్దామని ఆ తర్వాత రెండుసార్లు కుప్పం బస్సెక్కాను. రెండుసార్లూ సగం దారిలోనే దిగిపోయాను. ఆ అమ్మాయి ఇంకా నేను మంచిదాన్ననే అనుకుంటోంది.