నేలపిచ్చుక గూటి మీదికి వచ్చిన బోరుబండి

పిడికిట్లో ఇమిడే పిట్ట ఒకటి నా చేత ఒక రైతు చేను మీదికి రెండు లారీల యంత్రాన్ని రప్పించిన ఉదంతమిది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న పెద్దలు నా పిట్టను చూడలేదు. నా పిట్ట కొంచెం, పీడ ఘనం. నవ్వదలచినవారు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నాకు మాత్రం రాస్తుంటేనే నడుము నొప్పి తిరగబెడుతోంది.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. కళాశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి. చేసిన ప్రతి పనినీ గంటా నిమిషాలతో సహా డైరీలో రాసుకునేవాణ్ణి. అలా రాసుకునేవాడు పొరపాటు చేయడన్న భ్రమ కూడా ఉండేది. కొత్తగా కెమెరా కొని, సెలవుల్లో చిన్న పిట్టల వెంట పడ్డాను. పెద్ద పక్షిని ఫొటో తీయడం పెద్దమనిషిని తీయడం వంటిది: కూర్చుంటుంది, మెడ తిప్పుతుంది, ఏ పేపర్లో వేస్తారని అడగడం ఒక్కటే తక్కువ. చిన్న పిట్ట అలా కాదు. మనం గురి చూసేసరికి అది ఎగిరిపోతుంది. మనకు కొమ్మ మిగులుతుంది. నా దగ్గర ఉన్న కొమ్మల ఫొటోలతో ఒక అడవి నాటవచ్చు.

ఆ వేసవిలో సోమందేపల్లెకు ఆవల, నారాయణరెడ్డి అనే రైతు బీడు చేనిలో నేలపిచ్చుక గూడు కనబడింది. గూడంటే ఆవు గిట్టంత పల్లం, చుట్టూ పేర్చిన గులకరాళ్ళు, లోపల రెండు గుడ్లు. మిట్టమధ్యాహ్నం తల్లి రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి వగరుస్తూ, గుడ్లకు గొడుగై నిలబడుతుంది. నాకా ఒక్క ఫొటో కావాలి.

గూడు సంగతి ఊరికి తెలిస్తే గుడ్లు మిగలవని భయం. అందుకని రెడ్డితో గంభీరంగా అన్నాను: “మీ చేనిలో ఆ మూల ఒకటి గమనించాను. ఏమిటో ఇప్పుడే చెప్పను. మూడు రోజులు చూడాలి. ఎవరినీ అటు రానీయకండి.”

రెడ్డి తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. “అట్లే సార్. కుక్కను గూడా రానీయను.”

పాఠకమహాశయా, అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు. నాకు తగిన మర్యాదే అనుకున్నాను.

నేలా పిట్టా ఒకే రంగు. రెండడుగులు వెనక్కి వేస్తే గూడు మాయం. ఎక్కడ తొక్కుతానోనని పక్కన మూడు రాళ్ళు ఒకదానిపై ఒకటి పేర్చి, పై రాతికి సున్నంతో గురుతు పెట్టాను. దాహానికి పనికివస్తాయని టెంకాయ చిప్పలో నీళ్ళుంచాను. ఆపైన దాని కంటి ఎత్తుకు దిగడం కోసం చెంప నేలకు ఆనించి, బల్లిలా పడుకున్నాను. మూడు రోజుల్లో నాలుగు వందల పన్నెండు ఫొటోలు. అందులో పిట్ట ఉన్నవి ముప్పై ఒకటి. ముఖం ఉన్నవి రెండు. ఆ రెండింటిలోనూ అది కళ్ళు మూసుకుంది.

పూటపూటకూ రెడ్డి భార్య లక్ష్మక్క మజ్జిగ తెచ్చేది. ఇరవై అడుగుల దూరంలోనే చెప్పులు విడిచేది. నేను తాగేవాణ్ణి.

నాలుగోనాడు ఉదయం ఆరూ పదికి వెళ్ళేసరికి చేనిలో బోరుబండి. వెనక పైపుల లారీ. నా మూడు రాళ్ళకు పసుపు, కుంకుమ, నిమ్మకాయ. లక్ష్మక్క చేతిలో హారతి పళ్ళెం. అవతల మట్టిపెళ్ళ మీద నేలపిచ్చుక, ముక్కున మిడతతో, గూటికి రాలేక గిలగిల కొట్టుకుంటోంది. గుడ్లు పిల్లలయ్యాయన్నమాట.

“ఏమిటిది రెడ్డిగారూ?”

“బండి సార్. నీ పాయింటు మీదనే ఏపిస్తాండా. ముందొచ్చిన నీళ్ళు చూసేటాయన అరగంట అరచేతిలో టెంకాయ తిప్పి పోయినాడు, రెండు బోర్లూ దుమ్మే. నువ్వు మూడు దినాలు నేలకు చెవి పెట్టి నీళ్ళ సప్పుడు వింటివి. ఇదే ఆఖరు బోరు, నీ మీదనే నమ్మకం.”

“నేను విన్నది నీళ్ళు కాదండీ! అది పిట్ట గూడు!”

“ఏమప్పా? పిట్టనా?”

లక్ష్మక్క పళ్ళెం దించింది. “పిట్టకు రాళ్ళెందుకు పేరిస్తివి సార్?”

“తొక్కకుండా.”

“సున్నమెందుకు?”

“కనబడటానికి.”

“టెంకాయ చిప్పలో నీళ్ళు?”

“దాని దాహానికి.”

“మరి మజ్జిగ ఎందుకు తాగితివి?”

ఎన్నో సిద్ధాంతాలు నిరూపించినవాణ్ణి, నేను నీళ్ళు చూసేవాణ్ణి కానని మాత్రం నిరూపించలేకపోయాను.

“ఇంజను ఆన్ చేసేదా, వద్దా?” అని డ్రైవరు కేకేశాడు.

లక్ష్మక్క గూటి మీదికి వంగింది. రెండు ఎర్రని నోళ్ళు ఆమెను చూసి బార్లా తెరుచుకున్నాయి. “పసికూనలుండాయి. బండి తీయించు.”

“తీపిచ్చి యాడ ఏపిచ్చేదే?”

“యాడన్నా ఏపిచ్చు. పాయింటే కాదంట గదా, యాడైతేనేమి!”

రెడ్డి నా వైపు తిరిగాడు. “సార్, నీ నోటితోనే ఒక జాగా చెప్పు.”

“నాకు తెలియదు రెడ్డిగారూ.”

“తెలీకపోయినా చెప్పు!”

చివరకు అతడే టెంకాయ అరచేతిలో పెట్టుకొని, నలభై అడుగులు పోయి నిలబడ్డాడు. బండి అక్కడికి జరిపి నిలబెట్టాక ఇంజను మొదలైంది. పిండిమరలోంచి లేచినట్టు తెల్లదుమ్ము గూటి వైపు వస్తుంటే లక్ష్మక్క ఇచ్చిన దుప్పటి రెండు చేతులా అడ్డం పట్టుకొని నిలబడ్డాను. తొమ్మిది నుంచి నాలుగు దాకా, ఏడు గంటలు. మిట్టమధ్యాహ్నం తల్లి వచ్చి నా కాళ్ళకు మూరెడు దూరంలో రెక్కలు విప్పి నిలబడింది. కళ్ళు తెరిచే ఉంది. కుంకుమ కాస్త నెత్తిన అంటి పేరంటాలులా ఉంది. దుప్పటి వదిలితే దుమ్ము. వదలకపోతే కెమెరా సంచిలో. వదల్లేదు. ఊరికే చూశాను. డైరీలో ఆ రోజు ఫొటోల లెక్క సున్నా. అంత తృప్తిగా సున్నా ఎన్నడూ వేయలేదు.

నాలుగు దాటాక బురద చిమ్మింది. ఆ వెనకే నీళ్ళు. ఇంచున్నర ధార! రెడ్డి ఆ బురద కళ్ళకద్దుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి. నా తప్పు నీళ్ళతోనే కడుక్కుపోయిందనుకొని, దుప్పటి మడిచి, వీడ్కోలు తీసుకోబోయాను.

అతడు నా భుజం మీద చెయ్యి వేసి, పసుపు రాళ్ళ వైపు చూసి, పెద్దగా నిట్టూర్చాడు. “పిట్టను అడ్డం పెట్టి తప్పిస్తివి గదా సార్. ఆడ ఏసింటే నాలుగించులు పడేది.”

ఇప్పుడా ఊరంతా అదే మాట. నా పాయింటులో తప్పు లేదట; నా మనసే పెద్దది కాదట. పోయిన నెల గోరంట్ల బస్సులో ముక్కూ మొహం తెలియని మనిషి లేచి సీటిచ్చి, “మా చేను ఒకతూరి సూడు స్వామీ, పిట్ట లేకుండా” అన్నాడు.

కావున ఇందుమూలముగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: ఈ జిల్లా నేలకు ఇకపై నా చెంప ఆనించను. ఫొటో కావలసిన పిట్ట తానే నా కంటి ఎత్తుకు వచ్చి నిలబడవలెను; లేనిచో ఒకరి ముఖమొకరు సరిగా చూడకుండానే మా ఇద్దరి జన్మలూ గడిచిపోవలెను.