తలకిందుల అట్ట

మా ఆయన బైండరు. పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తారు. పొట్ట ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నా ప్రాణం తోడేస్తున్నారు. కుట్లు మానినా నీరసం ఉంటుంది, కొన్నాళ్లు బుర్ర కుదురుగా పనిచేయదు, కంటినిండా నిద్రపోండి అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేగా! "నాకేం, రాయిలా ఉన్నాను" అంటూ నాలుగు మెట్లు దిగి కింద షాపులోకి వచ్చేసరికి రాయిగారికి ఆయాసం. స్టూలు మీద కూలబడి, "ఈ గదిలో గాలాడట్లేదే" అంటారు. తప్పంతా గాలిదే!

కుట్టడం, జిగురు రాయడం నాకూ వచ్చు. కాగితాలు కోసే కటింగ్ మిషన్ మాత్రం ఆయన సొత్తు. ఇన్నేళ్లలో నన్ను దాని పిడి పట్టుకోనిస్తే ఒట్టు. మీరు కూర్చుని చెప్పండి, నేను కోస్తానంటే, "నీకిచ్చి నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనా?" అని కయ్యిమన్నారు. ఆ పని కూడా చేతిలోంచి పోతే తానింక ఎందుకూ కొరగానని ఆయన భయం. పైకి చెప్పరు గానీ, నాకు తెలీదా?

మొన్న ఒక కాలేజీ అమ్మాయి తన థీసిస్ తీసుకెళ్లడానికి వచ్చింది. మర్నాడే కాలేజీలో ఇవ్వాలట. అట్ట తెరిచి చూసి, "అంకుల్, లోపల అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి" అంది.

"పుస్తకం తిప్పి పట్టుకోమ్మా," అన్నారీయన, ఎంతో ఓపిగ్గా.

పాపం, ఆ పిల్ల తిప్పింది. లోపలిది తిన్నగా వచ్చింది, అట్ట మీది పేరు తలకిందులైంది. మళ్లీ తిప్పింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అట్టని తిరగేసి అంటించేశారు మహానుభావుడు! "సాయంత్రం రామ్మా, సరిచేసి ఉంచుతాం" అని పంపించాను.

మామూలుగా అయితే నా మీద ఎగిరేవారు. ఆరోజు తనే పుస్తకం అందుకున్నారు. అట్ట ఊడదీసి, జిగురంటిన అంచు కోద్దామని కాగితాల కట్ట మిషన్‌లో పెట్టారు. "తర్వాత కోయొచ్చు, కాసేపు నడుం వాల్చండి" అన్నాను జిగురు కలుపుతూ. తిరిగి చూస్తే కుడిచెయ్యి పిడి మీద ఉంది, ఎడమచెయ్యి సరిగ్గా బ్లేడు కింద ఉంది, చూపు ఎదురుగోడ మీద ఉంది.

"చెయ్యి!" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నారు. నేనూరుకుంటానా? నోటికొచ్చినట్టు దులిపేశాను. "ఆ వేళ్లు తెగిపడితే ఏం చేద్దామని? జిగురు పెట్టి అంటించుకుంటారా? ఎవరికోసమండీ ఈ మొండితనం?"

"ఏం కోయబోతున్నానో గుర్తులేదే," అన్నారు మెల్లిగా. "పొద్దున్నుంచీ ఇంతే. ఓపిక లేదు. నావల్ల కావట్లేదు."

ఇన్నాళ్లూ నేను గొంతు చించుకున్నది ఆ ఒక్కమాట అనిపించడానికే. తీరా అన్నాక, అనకుండా ఉంటేనే బావుండుననిపించింది. జిగురు గిన్నె పక్కన పెట్టి, స్టూలు ఆయన దగ్గరికి జరిపాను.

ఆయన మిషన్ ముందునుంచి పక్కకి జరిగారు.

"ఇలా రా. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టకూడదో ముందు చూపిస్తాను."