నాలుగు చెంబుల నీళ్ళు

వేడినీళ్ళలో పసుపు వేస్తే నాకు డీజిలు వాసన వస్తుంది. మొన్న జలుబు చేసి ఆవిరి పట్టుకుందామని గిన్నె మీదకి వంగానో లేదో, తొంభైల నాటి మా నర్సీపట్నం ఇల్లు, ఇంటి ముందు ఖాళీ స్థలంలో ఓ పక్కకి ఒరిగి నిలబడ్డ మా అన్నయ్య పాత లారీ, దాని ముందు ఇత్తడి చెంబుతో మా అమ్మాయి స్వాతి, అన్నీ దుప్పటి కింద వరసగా కనబడ్డాయి. బాల్యం గురించి రాసేవాళ్ళు తమ బాల్యం రాసుకుంటారు. నేను ఉద్యోగంలో చేరాకే డైరీ మొదలుపెట్టాను కాబట్టి అందులో నా చిన్నతనం లేదు. ఉన్నది మా అమ్మాయిది.

ఆ లారీయే మా వీధి పిల్లలకి ఆటస్థలం. కోతలయ్యాక నాతవరం నుంచి ధాన్యం దింపి వచ్చిన రోజు దాని తొట్టి నిండా ఊక ఉండేది, వేసవిలో ఏటికొప్పాక నుంచి బొమ్మల పెట్టెలు ఎక్కించిన రోజు లక్క వాసన, ఎండుగడ్డి వాసన కలిసి సాయంత్రందాకా పోయేవి కావు. పిల్లలు తొట్టిలో బస్సాట ఆడేవారు, చింతాకులే టిక్కెట్లు, పాయకరావుపేటే ఆఖరి స్టాపు, ఎవరో ఒకరు దిగనని ఏడ్చేవారు. డ్రైవరు సింహాచలం చుట్ట కాల్చుకుంటూ ఆ ఏడుపులకి తీర్పులు చెప్పేవాడు. పొద్దున్నే రేడియేటర్లో నీళ్ళు పోసే పని మాత్రం స్వాతిది. అతను మూత తీసేవాడు, అది బంపరెక్కి ఎన్ని చెంబులు పట్టాయో లెక్కపెట్టేది, సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఆ లెక్క నాకు చెప్పడం కోసమే వీధి గుమ్మంలో కాచుకుని కూర్చునేది.

ఓ ఏడాది దసరా ముందు ఆ లెక్క అరచెంబు నుంచి నాలుగు చెంబులకి పెరిగింది. అదే రోజుల్లో పొద్దుటి పూట లారీ స్టార్టవడం మానేసింది. తాళం తిప్పితే లోపల ఒక్కసారి 'టక్'మని బిగుసుకుపోయేది, నలుగురు కలిసి తోస్తే ఎప్పటికో అంటుకుని తెల్లటి పొగ వదిలేది.

"రెండూ ఒకటే జబ్బు బాబుగారూ," అన్నాడు సింహాచలం. "నీరు ఇంజన్లోకి దిగిపోతంది. ఇంజను మీది హెడ్డు ఇప్పించీండి, బేగి."

"ఇంజను తాగుతోందా, నువ్వు తాగి నీళ్ళు పొయ్యడం మరిచిపోతున్నావా?" అన్నాడు అన్నయ్య. పండగ కిరాయిల్లో లారీ విప్పి పడుకోబెట్టడం ఆయనకి ఇష్టం లేదు. సంగతి తేల్చమని నాకు అప్పజెప్పాడు.

నేను పద్ధతిగా తేల్చాను. డైరీలో 'నీళ్ళు' అని ఒక పేజీ, 'స్టార్టింగ్' అని ఇంకో పేజీ పెట్టాను. రాత్రి లారీ కింద పాత పేపర్లు పరిచి పొద్దున్న చూస్తే ఒక్క చుక్క మరక లేదు. గొట్టాలన్నీ పొడిగుడ్డతో తుడిచి చూశాను, తడి లేదు. బ్యాటరీ మాత్రం పాతది. అందుచేత స్టార్టవకపోవడం బ్యాటరీ తప్పు, నీళ్ళ సంగతి డ్రైవరు తప్పు అని రాశాను. ఆ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదవాలని నాకు తోచలేదు.

దసరా ముందురోజు వంటింట్లో పసుపు డబ్బా ఖాళీ. గారెలకి పప్పు రుబ్బుతున్న మా ఆవిడ కేకలు వేస్తే, పులిహోరకి చాలకుండా చేసిందెవరని స్వాతిని నిలదీశాను.

"లారీలో ఏసేసాం నాన్నా. పసుపు ఏస్తే కన్నం మూసుకుంటాదని సింహాచలం మావ సెప్పాడు. ఇయ్యాల కూడా నాలుగు చెంబులు పట్టింది."

పోసిన నీళ్ళు పోతే కింద పేపరు మీద పసుపు మరకైనా ఉండాలి కదా అన్నాను. డ్రైవరు కోసం అబద్ధం చెబుతున్నావు అన్నాను. ఆ రోజు నాలుగు అంకె పక్కన 'అబద్ధం' అని రాసి అన్నయ్యకి చూపించాను. పండగ రోజు లారీకి గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది కొత్త డ్రైవరు.

పది రోజుల తర్వాత లారీ తోసినా కదల్లేదు. మెకానిక్ వచ్చి, ఇంజను పైన డీజిలు చిమ్మే నాజిళ్ళు విప్పి, తాళం తిప్పమన్నాడు. మూడో కన్నం లోంచి నీళ్ళు పిచికారీలా లేచి, దగ్గరికి వంగి చూస్తున్న నా తెల్ల చొక్కా మీద పడ్డాయి. పచ్చగా ఉన్నాయి. పసుపు, డీజిలు కలిసిన వాసన.

"ఇదేటండీ, ఇంజన్ని పెళ్ళికూతుర్ని సేసీసారు!" అని మెకానిక్ పగలబడి నవ్వాడు. హెడ్డు కింద ఉండే రేకు కాలిపోయిందట. అక్కణ్ణించే నీళ్ళు రాత్రంతా ఇంజన్లోకి దిగి, పొద్దున్నకి దాన్ని బిగించేస్తున్నాయట. రెండూ ఒకటే జబ్బు.

ఆ చొక్కాతోనే షేర్ ఆటో ఎక్కి సింహాచలం సొంతూరు నాతవరం వెళ్ళాను. అతను పొలం గట్టున కూర్చుని ఉన్నాడు. నా చొక్కా చూశాడు, నవ్వలేదు.

"నాను రానండి బాబూ. కన్నకూతురు సెప్తే ఇననోరు, నా మాటేటి ఇంటారు?"

ఇంటికొచ్చి స్వాతికి చెప్పాను, నీ లెక్కే నిజం అని. "ఊఁ" అని ఆటకి వెళ్ళిపోయింది.

లారీని తర్వాత తుక్కు కింద అమ్మేశారు. సింహాచలం పోయి చాలా కాలమైంది. ఇప్పటి బళ్ళకి నీళ్ళు పోసే పనే లేదు, మూసిన సీసాలో రంగునీళ్ళు వాటంతట అవే ఉంటాయి. పాయకరావుపేటలో టీచరుగా చేస్తున్న స్వాతి మొన్న నా జలుబు చూడటానికి వచ్చినప్పుడు ఆ డైరీ తీశాను. 'అబద్ధం' అన్న మాట అలాగే ఉంది, డైరీలో కొట్టివేతలు నాకు అలవాటు లేదు. దాని తర్వాత పది రోజులు 'నీళ్ళు' పేజీ ఖాళీ. కొత్త డ్రైవరు వచ్చాక కూడా రోజూ నీళ్ళు పోసింది అదేనని మా ఆవిడ చెప్పేది. ఇన్నాళ్ళకైనా పూర్తి చేద్దామని పెన్ను తీసి, ఆ రోజుల్లో ఎన్ని చెంబులు పట్టేవమ్మా అని అడిగాను.

స్వాతి నా ఆవిరి గిన్నె కడుగుతోంది. తల తిప్పలేదు.

"లెక్కెట్టలేదు నాన్నా," అంది. "ఎవరికి సెప్పాలని?"