అర్లీన్ చెప్పిన రెండు

మా చెల్లెలు అర్లీన్ రెండో అంకె కందిరీగ కుట్టి చచ్చిపోయింది. ఏడు కాదు, తొమ్మిది కాదు, రెండు. ఈ మాట మా కొండల్లో ఎవరికి చెప్పినా ముందు నమ్మరు, తర్వాత తల దించుకుంటారు. దించుకోవాల్సిన తలల్లో నాదీ ఒకటి.

అర్లీన్ మొగుడు వెర్లిన్ కీఫర్ కందిరీగలు పట్టేవాడు. పెన్సిల్వేనియాలో మా వైపు ఈ పని చేసేవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. ఆగస్టు నుంచి గట్టి మంచు పడేదాకా, నేలలో గూళ్ళు పెట్టే పసుపు కందిరీగలను పొడవాటి గొట్టంతో పీల్చి, డబ్బాలో గడ్డకట్టించి, మందుల కంపెనీకి పంపుతారు. కందిరీగ కుడితే ప్రాణం మీదికొచ్చే మనుషులకు వాటి విషంతోనే మందు తయారవుతుంది. అంటే మా చెల్లెల్ని కాపాడగలిగే మందుకు సరుకు దాని వంటింటి ఫ్రీజర్లోనే, కోడిమాంసం పక్కన ఉండేది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఏటా అక్టోబరు మొదటి శనివారం ఫైర్ హాల్లో, అంటే ఊళ్ళో మంటలార్పే దళం వాళ్ళ హాల్లో, వీళ్ళకీ వీళ్ళ ఇంటివాళ్ళకీ విందు. ఆ గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ఏ పురుగు కుడితే నొప్పి ఎంతో పదికి లెక్కగట్టి దాని మీద రాసేవాళ్ళు. చెమట నాకడానికి ఒంటి మీద వాలే చిన్న చెమట తేనెటీగ అర. పసుపు కందిరీగ రెండు. చూరు కందిరీగ మూడు. తెల్లమొహం కందిరీగ నాలుగు. రెక్కల్లేని ఎర్ర మఖ్మల్ కందిరీగ ఏడు. కుట్టించుకున్నవాడు లేచి నిలబడి ఒక్క అంకె చెప్పాలి, అంతే. వాచిందా, దద్దుర్లు వచ్చాయా, తల తిరిగిందా అని అడిగే నాథుడు లేడు. అవి అంకెలు కావు గదా!

ఒక ఏడాది కొత్తగా పనిలో చేరినవాడు పసుపు కందిరీగకు ఐదు అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది.

"ఐదా! ఒరేయ్, మీ అమ్మని పిలవమంటావా? ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది!"

నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. ఎర్ర మఖ్మల్ కుట్టినా కిక్కురుమనకుండా ఏడు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని, నాకు కళ్ళు నెత్తిన ఉండేవి.

అర్లీన్ బడి వంటశాలలో పనిచేసేది. బీట్‌రూట్ రసంలో గుడ్లు ఊరవేయడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. ఒక్క పాటా శ్రుతిలో పాడేది కాదు, అయినా పాడకుండా ఉండేది కాదు. ఇరవై ఏళ్ళు మొగుడి పని దుస్తులు దులిపి, ఉతికి, ఆరేసింది. ఆ మడతల్లో చచ్చినవీ బతికినవీ పురుగులుండేవి. కుట్టినప్పుడల్లా షెడ్డు లోంచి వెర్లిన్ "ఎంత?" అని అరిచేవాడు. ఇది "రెండే!" అని అరిచేది. వాళ్ళింట్లో పలకరింపే అది. "కాన్పు నొప్పికి కూడా ఆరే అంది మా ఆవిడ" అని వాడు ఊరంతా గొప్పలు చెప్పుకునేవాడు.

పోయే ముందు ఏడాది ఒకటి కుడితే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, గొంతు బిగుసుకుందని నాకు ఫోన్ చేసింది.

"వాడికి చెప్పావా?" అన్నాను.

"చెప్పానే అక్కా. ఎంత అన్నాడు. రెండన్నాను. రెండుకి ఆసుపత్రేమిటే, డాక్టరు నవ్విపోతాడు అన్నాడు."

"అవును మరి, రెండేగా" అన్నాను.

నేనే అన్నాను. ఈ నోటితోనే.

మరుసటి సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నేను వాళ్ళ పెరట్లో ఆపిల్ పళ్ళు చెక్కు తీస్తున్నాను. అర్లీన్ తీగ మీది దుస్తులు దులుపుతోంది. చొక్కా చేతి మడతలోంచి ఒక కందిరీగ వచ్చి మణికట్టు మీద కుట్టింది.

"ఎంత?" షెడ్డు లోంచి కేక.

"రెండే!"

తర్వాత వచ్చి మెట్టు మీద కూర్చుంది. "అక్కా, అరచేతులు ఒకటే దురద" అంది. కాసేపటికి "పెదవులు నావి కానట్టున్నాయి" అంది. దాని మొహం చూసి నేను వెర్లిన్‌ని కేకేశాను.

"రెండేగా వదినా! కాసేపు కూర్చోమను. ఈ గొట్టం బిగించి వస్తున్నా."

నేను ఇంకోసారి పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు నా గొంతు విని వాడు పరిగెత్తుకొచ్చాడు. అప్పటికి అది మాట్లాడటం లేదు. కింద పడి, ఊపిరందక నా చీలమండ పట్టుకుని లాగుతోంది. ఇరవై నిమిషాలకు అంబులెన్సులో వచ్చినవాళ్ళు కూడా ఫైర్ హాల్ వాళ్ళే. దాని చేతి గుడ్లు తిన్నవాళ్ళే. వాళ్ళు చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

నల్లబల్ల మీది అంకెలు ఎవరో తుడిచేశారు. ఇప్పుడు దాని మీద ఆదివారం భోజనంలో ఏముందో రాస్తున్నారు. తుడిస్తే పోతుందా! అర్లీన్ కూతురు టెస్‌కు అప్పుడు పన్నెండేళ్ళు. ఏడవలేదు, తండ్రితో మాట్లాడలేదు. వెర్లిన్ మళ్ళీ గొట్టం పట్టుకున్నాడు. వాడికి వేరే పని రాదని తెలిసినా నాకు అసహ్యం వేసింది.

"పిల్లని నాకివ్వు" అన్నాను మొహం మీదే. "నీకు అంకెలు వినపడతాయి గానీ మనుషులు వినపడరు."

వాడు "దాని ఇష్టం వదినా" అన్నాడు.

టెస్ వస్తానంది. జులైలో బడి సెలవులప్పుడు తీసుకెళ్ళడానికి వచ్చాను. పిల్ల సంచి నా కారులో పెట్టాను. "చిక్కుళ్ళు కోసుకొస్తా పెద్దమ్మా" అని టెస్ పెరట్లోకి వెళ్ళింది. వెర్లిన్ షెడ్డు ముందు గొట్టం విప్పుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి పెరట్లోంచి కేక.

"కుట్టింది! పది! నాన్నా, పది!"

చేతిలో గొట్టం ఎక్కడ పడేశాడో, కంచె ఎలా దాటాడో, పడి లేచి పిల్లను ఎత్తుకుని ట్రక్కులో వేశాడు వెర్లిన్. నేను ఎలా ఎక్కానో నాకే తెలియదు. ఆసుపత్రికి అరగంట దారి. రోడ్డు చూడడే, పిల్ల పెదవులే చూస్తాడు.

"ముందు చూడరా, చంపేస్తావ్ మమ్మల్ని!" అని నేను అరుస్తూనే ఉన్నాను.

డాక్టరు అంతా చూశాడు. రెండు గంటలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాడు. ఏమీ లేదన్నాడు. మోచేతి దగ్గర ఆవగింజంత మచ్చ. చెమట తేనెటీగ.

వెర్లిన్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చొక్కా చిరిగి మోచేయి నెత్తురోడుతోంది. "తల్లీ, నిజంగా ఎంత?" అన్నాడు.

"అర" అంది టెస్.

"మరి పది అన్నావే?"

"అమ్మ రెండంది." పిల్ల గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు గొట్టం బిగించుకుంటూ కూర్చున్నావు. పది అంటే వస్తావో రావో, వెళ్ళేముందు చూద్దామనుకున్నా."

పది నెలలుగా ఆ గొట్టం మాట వాడి మొహాన కొట్టాలని నేను కాచుకున్నాను. ఆ పిల్ల నోట వినేసరికి నాకు ఏ తృప్తీ కలగలేదు, ఏడుపొచ్చింది. వెర్లిన్ పిల్ల మోకాళ్ళ మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. టెస్ కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూసి, వాడి మోచేతి నెత్తురు తన గౌను అంచుతో తుడిచింది.

సంచి మళ్ళీ లోపలికి మోసింది నేనే.

ఆ ఇంట్లో ఇప్పుడు ఎంత అని ఎవరూ అడగరు. కుట్టిందంటే చాలు, వెర్లిన్ చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి వచ్చి ముందు మొహం చూస్తాడు. ఉత్తినే "నాన్నా" అని పిలిచినా పరుగే. వంటింట్లో గిన్నె జారినా పరుగే. వాడలా పరిగెత్తినప్పుడల్లా నేను షెడ్డుకీ ఆ మెట్టుకీ మధ్య ఎంత దూరమో చూస్తాను. ఇరవై అడుగులు కూడా ఉండదు.