నెమెసియా ఆదివారాలు

నెమెసియా చోకే మా గ్రనాదాకు వచ్చేనాటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టింది బొలీవియాలో, ఒరూరో పట్నానికి అవతల, బంగాళాదుంపలు తప్ప ఇంకేవీ పండని ఎత్తు మైదానంలో. పద్నాలుగేళ్లు వచ్చేదాకా పొడుగు మెడల లామాల మంద వెనక నడిచింది. ఆ తర్వాత పట్నంలో నాలుగిళ్లలో పాచిపని చేసింది, బజారులో కూరలమ్మింది. పిన్ని కూతురొకతె ఇక్కడ స్పెయిన్‌లో ముసలివాళ్లను చూసుకునే పనిలో కుదిరి, నువ్వూ వచ్చెయ్యమని కబురు పెట్టింది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి కాబట్టి అడగాల్సినవాళ్లు ఎవరూ లేరు. ఒక పెట్టె సర్దుకుని వచ్చేసింది.

పని దొరికింది దోన్యా అంగుస్తియాస్ ఇంట్లో. ఆవిడ ఎనభై రెండేళ్ల వితంతువు. భర్త మందుల షాపు నడిపి పోయాడు. మూడో అంతస్తులో ఇల్లు. నెమెసియా అక్కడే ఉండి వండాలి, స్నానం చేయించాలి, మందులు వేయాలి, పొద్దున్నే పేపరు చదివి వినిపించాలి. మా ఊరివాళ్ల నోరు పులుపని దేశమంతా చెప్పుకుంటారు. దోన్యా అంగుస్తియాస్‌ది ఆ పులుపులోనూ పండిన నోరు. చారులో ఉప్పు లేదనేది, ఉప్పేస్తే చంపుతావా అనేది. నెమెసియా మాట్లాడితే, పాపాలు చెప్పుకుంటున్నట్టు ఆ గొణుగుడేమిటని విసుక్కునేది. నెమెసియా మాత్రం దేనికీ నొచ్చుకునేది కాదు. తిట్టే మనిషి పక్కనే ఉంటుంది, తిట్టనివాళ్లే వదిలేసి పోతారని ఆమె లెక్క.

ఆదివారం సెలవు. ఆ రోజు కూతురొచ్చి తల్లిని చూసుకునేది. మొదట్లో నెమెసియా ఏటి పక్క పార్కుకు వెళ్లేది. తన దేశపు ఆడవాళ్లంతా అక్కడ చేరి, వేయించినవేవో తింటూ, పాటలు పెట్టుకుని, ఫోన్లలో ఇళ్లకు మాట్లాడుకునేవారు. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు ఏడుపు మొదలుపెట్టేవారు. ఒకరు ఏడిస్తే అందరికీ అంటుకునేది. నాలుగు నెలలు చూసి, ఒక ఫిబ్రవరి ఆదివారం ఆమె పార్కుకు పోకుండా ఎదురొచ్చిన బస్సు ఎక్కింది. అది మోనచిల్ అనే కొండకింది ఊరి దగ్గర ఆగింది. జనం దిగి ఎటు నడుస్తుంటే అటే నడిచింది.

అక్కడ రెండు కొండల మధ్య సన్నటి లోయ. దాని మీద ఊగే వంతెన. వంతెన దాటాక బండ ఒకటి దారి మీదికి వంగి ఉంటుంది. దాని కింద నడుం వంచి, రాతిలో దిగ్గొట్టిన ఇనుప పిడులు పట్టుకుని పాకుతూ పోవాలి. ఆ వేళకు ఏడుగురు పెద్దవాళ్ల గుంపొకటి బండ కింద ఇరుక్కుని మూలుగుతోంది. గుడ్డ బూట్లు, మోకాళ్ల కిందికి పావడా, చంకన చేతిసంచి ఉన్న నెమెసియా వాళ్లను తప్పించుకుంటూ, ఒక్క పిడైనా ముట్టుకోకుండా దాటేసింది.

ఆ గుంపులో కుస్తోదియో అనే ఆయన ఉన్నాడు. రైలు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పెద్ద పొట్ట, పెద్ద గొంతు. వెనకనుంచి కేకేశాడు.

"ఏమ్మా, చేతిసంచి పుచ్చుకుని ఎక్కడికి? సంత ఇటువైపు లేదు."

"సంతకి కాదండీ. ఊరికే నడుద్దామని."

"ఆ బూట్లతోనా?"

"మా ఊళ్లో టైరుముక్క చెప్పులు వేసుకుని నడిచేవాళ్లం. వాటికంటే ఇవి నయమే."

గుంపులో నవ్వులు లేచాయి, కుస్తోదియోతో సహా. తిండికి కూర్చున్నప్పుడు పియదాద్ అనే బక్కపల్చటి ఆవిడ పక్కకు జరిగి పేపరు పరిచింది. ఆమె రిటైరైన బడిపంతులమ్మ. కోడిగుడ్డు అట్టు, ఎండబెట్టిన పందిమాంసం ముక్కలు, కమలాపండ్లు, తోలుసంచిలో ద్రాక్షసారా ఒక్కటొక్కటే బయటికొచ్చాయి. నెమెసియా సంచిలో ఉన్నది ఉడికిన గుడ్డు, రొట్టెముక్క. ఆ గుడ్డును ఆమె ఎనిమిది ముక్కలుగా కోసి అందరికీ పెట్టింది. వచ్చే ఆదివారం ఎనిమిదిన్నరకు బస్సుస్టాపులో ఉండమంది పియదాద్. అడిగినట్టు కాకుండా చెప్పినట్టే అంది.

ఆ సాయంత్రం ఇంటికొస్తే దోన్యా అంగుస్తియాస్ ఏం చూశావని అడిగింది. ఏముంది, కొండలు అంది నెమెసియా. ముసలావిడకు కోపమొచ్చింది.

"పేపరులో చచ్చినవాళ్ల పేర్లు మాత్రం ఇంటిపేర్లతో సహా చదువుతావు. కొండ చూసొచ్చి ఏముంది అంటావేం? నేనీ ఊళ్లోనే పుట్టాను. ఒక్కసారీ ఆ పైకి వెళ్లలేదు. మా నాన్న పంపలేదు, మా ఆయనకు షాపు, ఆ తర్వాత నాకు మోకాళ్లు. సరిగ్గా చెప్పు."

అప్పటినుంచి నెమెసియా నడక మారింది. ఇంటికెళ్లి చెప్పాలి కనుక చూడడం మొదలుపెట్టింది. బాదంచెట్లు ఆకుకంటే ముందు పూత పూసే తీరు, మంచు కరిగిన నీళ్లను పాతకాలంవాళ్లు కొండ నడుము చుట్టూ కాలువ తవ్వి పల్లెలకు మళ్లించిన వైనం, కొమ్ములు వెనక్కి తిరిగిన అడవిమేకలు నిట్టనిలువు రాతిమీద నిలబడి మనుషులను జాలిగా చూడడం, అన్నీ పోగేసుకుని వచ్చి, ముసలావిడ కాళ్లకు నూనె రాస్తూ చెప్పేది. చిన్నప్పుడు మంద వెనక అన్నేళ్లు నడిచినా, ఏం చూశావని ఆమెను అడిగినవాళ్లు లేరు. లామాలెన్ని తిరిగొచ్చాయనే అడిగేవారు.

మేలో కూతురి చేత కొనిపించి, దోన్యా అంగుస్తియాస్ కొత్త నడక బూట్లు ఆమె ముందు పెట్టింది. నెమెసియా కళ్లనీళ్లు పెట్టుకుంటే, తడిస్తే తోలు పాడవుతుంది, అవతలికి పోయి ఏడువు అంది.

జూలైలో గుంపు ములాసేన్ శిఖరం ఎక్కాలనుకుంది. సముద్రంలోని దీవులు వదిలేస్తే, ఈ దేశపు నేలమీద దాన్ని మించిన ఎత్తు లేదు. శనివారం బయల్దేరి కొండమీది సత్రంలో పడుకోవాలి. కూతురు ఒప్పుకోలేదు, రాత్రి అమ్మను ఎవరు చూస్తారంది.

"నువ్వే," అంది తల్లి. "నిన్ను కని పెంచిన దాన్ని. ఒక్క రాత్రి చూస్తే నీ సొమ్మేం పోదు."

ఆదివారం తెల్లవారగానే సత్రం నుంచి వాగు వెంట పైకి నడిచారు. గడ్డి అయిపోయి రాళ్లు మొదలయ్యాయి. ఈ శిఖరం మూడువేల నాలుగొందల మీటర్ల పైమాటని కుస్తోదియో తానే కట్టినట్టు గర్వంగా చెబుతున్నాడు. పక్కన నడుస్తున్న నెమెసియా నెమ్మదిగా, "మా అమ్మ వంటిల్లు ఇంతకన్నా ఎత్తులో ఉండేదండీ," అంది. పియదాద్ నవ్వు ఆపుకోలేక కర్ర మీద వాలిపోయింది.

దారిలో ఉన్న చిన్న సరస్సు దాటి, గులకరాళ్ల ఏటవాలు ఎక్కుతుండగా కుస్తోదియో మాట ఆగింది. అతను మాట్లాడకపోవడమే ఒక విశేషం. నెమెసియా వెనక్కి తిరిగి చూస్తే, అతని పెదవులు నీలంగా ఉన్నాయి. అడుగు తడబడుతోంది. రెండు నిమిషాల్లో కూర్చుని వాంతి చేసుకున్నాడు. అయినా లేచి, పొద్దుటి సాసేజీ పడలేదు, పదండి అన్నాడు. పైన ఇంకో గంట దారి. నెమెసియా అతని ముందుకొచ్చి నిలబడింది.

"మనం దిగుదాం."

"అరవై ఎనిమిదేళ్లుగా కింద నుంచే చూస్తున్నాను. ఇంత దగ్గరకొచ్చి దిగమంటావా?"

"ఇది సాసేజీ కాదు, ఎత్తు. మా ఊరికి పల్లపు ఊళ్ల నుంచి వచ్చే పంతుళ్లను చూశాను. మొండికేసి ఎక్కినవాళ్లలో ఒకాయన్ని దుప్పట్లో చుట్టి దించారు. కొండ ఎక్కడికీ పోదు. మీరు పోతారు."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం వాళ్లెవరూ అంతకుముందు వినలేదు. మీరంతా వెళ్లండి, నేను దించుతానంది. పియదాద్ వాళ్లూ తటపటాయించి, ఆమె రెండోసారి చెప్పాక కదిలారు. శిఖరం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకూ ఉంది. దోన్యా అంగుస్తియాస్‌కు చెప్తానని మాటిచ్చి వచ్చింది కూడా. అయినా కిందికి తిరిగింది.

సరస్సు దగ్గరకు దిగేసరికి మబ్బు కమ్మింది. పది అడుగుల అవతల ఏముందో కనపడటం లేదు. వడగళ్లు పడ్డాయి. నెమెసియా తన పైకోటు అతని భుజాలమీద కప్పింది. వాగు చప్పుడు వినిపించేదాకా ఆగి, ఆ చప్పుడు వదలకుండా దిగింది. కుస్తోదియో ఆమె సంచి పట్టీ పట్టుకుని వెనక నడిచాడు. వందడుగులకోసారి ఆపి, మీ ఇంటి వీధి పేరు చెప్పండి, మీరు నడిపిన రైళ్ల స్టేషన్లు వరసగా చెప్పండి అని అడిగేది. మొదట స్టేషన్లు కలగాపులగంగా చెప్పాడు. ఇంకాస్త దిగాక ఒకటి తప్పిపోయిందని తానే దిద్దుకున్నాడు. అప్పుడు ఆమెకు ధైర్యమొచ్చింది. రెండున్నర గంటలకు సత్రం తలుపు కనిపించింది. లోపల వేడి చారు రెండు గిన్నెలు తాగి అతను మళ్లీ మామూలు మనిషయ్యాడు. చారులో వెల్లుల్లి చాలలేదన్నాడు.

సాయంత్రానికి మిగతావాళ్లూ క్షేమంగా దిగొచ్చారు. కృతజ్ఞత చెప్పడం కుస్తోదియోకు చేతకాదు. చెప్పలేదు కూడా. కానీ ఊళ్లో కాఫీ హోటళ్లన్నిట్లోనూ, నన్నొక ఆడమనిషి లామాను తోలినట్టు తోలుకొచ్చిందని చెప్పుకుని తిరిగాడు. అది విని దోన్యా అంగుస్తియాస్ ఆయన్ను కాఫీకి పిలిపించింది. రెండు పుల్లటి నోళ్లు ఎదురెదురుగా కూర్చున్నాయి. అంత పొట్టతో కొండెలా ఎక్కావని ఆవిడ అడిగింది. కూర్చున్న చోట నుంచి కదలనివాళ్లకు పొట్ట రాకపోవడం వింతేనని ఆయనన్నాడు. వంటింట్లో ఉన్న నెమెసియా కప్పులు కడగడం ఆపేసి చేతులు తుడుచుకుంది. వచ్చి చూస్తే ఇద్దరూ నవ్వుతున్నారు. వెళ్తూ వెళ్తూ కుస్తోదియో, నా కారు పైదాకా వెళ్తుంది, మంచు పడ్డాక వస్తానన్నాడు.

డిసెంబరులో వచ్చాడు. దోన్యా అంగుస్తియాస్ బొచ్చుకోటు వేసుకుని, చర్చికి వెళ్లేటప్పటి ముత్యాల దండ పెట్టుకుని దిగింది. రోడ్డు ఆగిపోయే చోట కారు ఆపితే, నెమెసియా దోసిట్లో మంచు తెచ్చి చూపించబోయింది. ముసలావిడ ఆమె చెయ్యి తోసేసి, నన్ను దించు అంది. ఇద్దరూ చెరో పక్కా పట్టుకున్నారు. ఎవరూ తొక్కని మంచులో ఒక కాలు పెట్టింది, రెండోది పెట్టింది. చాలాసేపు కిందికి, తన ఊరివైపు చూసింది.

"ఎంత చిన్న ఊరు," అంది. "దీనికా ఇన్నాళ్లూ భయపడ్డాను."

అని నెమెసియా చెయ్యి నొక్కింది. నెమెసియాకు అంతకుమించి అక్కర్లేకపోయింది.

మరుసటి వేసవిలో నెమెసియా, కుస్తోదియో రెండు రోజులు ముందే వెళ్లి, పై గాలి అలవాటు చేసుకుని, ఆమె నడకకు తగ్గట్టు నెమ్మదిగా ఎక్కి శిఖరం చేరారు. తోలుసంచి ఆమె చేతికిస్తే, మొదటి నాలుగు చుక్కలు నేలమీద పోసింది. మంచి సారా మట్టిపాలు చేస్తావేమని అతను గొణిగాడు. ముందు భూమితల్లి తాగాలి, మనల్ని మోసింది ఆమే కదా అని నేలను చూపించింది నెమెసియా. అతనూ నాలుగు చుక్కలు పోశాడు.

దోన్యా అంగుస్తియాస్ ఆ పై ఏడాది వసంతంలో నిద్రలోనే పోయింది. పోయేముందే కూతురితో సంతకం పెట్టించి, నెమెసియాకు ఇక్కడ ఉండిపోయే కాగితాలు వచ్చేలా చూసింది. ఇప్పుడు నెమెసియాకు యాభై ఎనిమిదేళ్లు. పెద్దవాళ్లను పగటిపూట చూసుకునే ఆశ్రమంలో ఉద్యోగం. ఆదివారాలు పార్కుకు వెళ్లి, ఫోన్లు పట్టుకుని కూర్చున్న తన దేశపు ఆడవాళ్లను లేవదీసి బస్సెక్కిస్తుంది. ఎనభై దాటిన కుస్తోదియోకు మోకాలు చెడింది. నడవలేడు గానీ, నడక ముగిసే ఊళ్లోని హోటల్లో ముందే వెళ్లి బల్ల పట్టి ఉంచుతాడు.

మొన్న నవంబరులో పదకొండుమంది వెళ్లారు. చెస్ట్‌నట్ చెట్ల కింద ఆకు మోకాలిలోతు పడి ఉంది. బొలీవియాలోని కొచబాంబా నుంచి వచ్చి నెలైనా కాని రోసెందా అనే అమ్మాయి, ఇంకా ఎంత దూరమక్కా అని పదోసారి అడిగింది. నెమెసియా ఆమెను ఒక రాయిమీద కూర్చోబెట్టి, కమలాపండు ఒలిచి సగం చేతిలో పెట్టి, "ఇంతవరకూ దారిలో ఏం చూశావో చెప్పు," అంది.