ఆపిన చోటు మీద హక్కు

ఆ ఉదయం కర్నూలు గదిలో ఉన్నవి: నేను, నా భాగస్వామి, రెండు ల్యాప్‌టాప్‌లు, ప్లేట్లలో చల్లారిన ఉగ్గాణి, మాకు సర్వర్ అద్దెకిచ్చిన విదేశీ కంపెనీ పంపిన నోటీసు.

పల్లెల్లో పెద్దవాళ్ళు చెప్పే కథలు రికార్డు చేసి మా వెబ్‌సైట్‌లో వినిపిస్తాం. ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ పద్ధతి మొత్తం తమ పేటెంటేనని ఎవరో ఆ కంపెనీకి రాశారట. తీసేయకపోతే సైట్ మూసేస్తామని నోటీసు. పుస్తకంలో గుర్తుకు పేజీ మూల మడుచుకోవడం కూడా రేపు ఎవరిదో అవుతుందన్నాడు నా భాగస్వామి. వకీలును అడిగితే, ఆ పేటెంట్ ఇక్కడ చెల్లదు గానీ మీ సర్వర్ ఉన్నది ఇక్కడ కాదు కదా అన్నాడు. మధ్యాహ్నం దాకా వాదించుకుని, తీసేశాం.

వాదన జరిగినంతసేపూ నా మనసులో ఉన్నది డోన్ దగ్గరి పల్లెలో ఒక పెద్దావిడ. ఆమె భర్త నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. మాకు గని కథలు చెప్పిన ఏడాదే పోయాడు. ఆయన చివరి కథను ఆమె పూర్తిగా వినలేదు, చివర కొంచెం మిగుల్చుకుంది. ఏటా ఆయన జ్ఞాపకార్థ కూడిక రోజున ఆపిన చోటు నుంచి ఇంకో రెండు మాటలు విని ఆపేస్తుంది.

"మాట మధ్యలో ఉండే మనిషి యాడికి పోతాడప్పా?" అంది ఒకసారి.

ఆ ఏడు కూడికకు నేనూ వెళ్ళాను. ఇకమీదట కథ మొదటి నుంచి వస్తుందని ముందే చెప్పాను. సరేనంది. పాస్టరు ప్రార్థన అయ్యాక, ఫోన్ కిటికీలో పెట్టి మీట నొక్కి, అన్నం వడ్డించడానికి లేచింది. గోడవారగా కూర్చున్నవాళ్ళు తింటూ వింటున్నారు. పోయిన ఏడు ఆపిన మాట వచ్చింది. ఆమె గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఆయన గొంతు ముందుకు సాగింది.

"ఆగలేదేమప్పా? ఆడికొస్తే అదే ఆగుతాది గదా."

ఆ చోటు ఇప్పుడు దానికి గుర్తుండదు. నేను విస్తళ్ళు దాటుకుంటూ కిటికీ దగ్గరికి పోయేలోపు ఆయన అంటున్నాడు, రికార్డు చేసిన రోజు ఎదురుగా కూర్చున్న నాతో:

"ఇంక శాలప్పా, ఆపు."

తర్వాత నా గొంతే, సరే పెద్దాయనా అని. తర్వాత ఏమీ లేదు. ఆమె అన్నం గిన్నె పక్కనే కూర్చుండిపోయింది. మిగిలినవాళ్ళకు వేరే ఎవరో వడ్డించారు.

మా సైట్ లెక్కల్లో ఆ నెల ఆ కథ చివరిదాకా నడిచిన ఫోన్లు: ఒకటి.